ఫ్యాదమ్ అనే ఒక్క క్రియ పట్టుకుని మూడు ఆన్‌లైన్ నిఘంటువులు చూసొచ్చాను

ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదం చేసేవాళ్లకి, ఇంగ్లిష్‌లో ఇంకాస్త బాగా రాయాలనుకునేవాళ్లకి పనికొస్తుందని ఈ రివ్యూ రాస్తున్నాను. కొంచెం పొడుగైంది. కానీ చెప్పేదంతా ‘ఫ్యాదమ్’ (fathom) అనే ఒక్క ఇంగ్లిష్ మాట గురించే.

మొదలైంది ఒక చిన్న వాక్యం దగ్గర. నేను అనువదిస్తున్న కథలో ఒకావిడ, సుఖం లేని సంసారంలో ఏళ్ల తరబడి ఉండిపోయిన తన అక్క గురించి "ఐ కాంట్ ఫ్యాదమ్ వై షి స్టేడ్" అంటుంది. తొందరలో ఉండి ఫోన్‌లో ఉన్న ఒక అనువాద యాప్‌లో ఆ వాక్యం పెడితే "ఆమె ఎందుకు ఉండిపోయిందో నేను కొలవలేను" అని వచ్చింది. తెలుగులో అలా ఎవరూ అనరు. ఇంకో యాప్ "అర్థం చేసుకోలేను" అంది. అది తప్పు కాదు, కానీ ఆవిడ గొంతులో ఉన్న బరువు అందులోకి రాలేదు. రైలు టైమ్ టేబుల్ చూసి కూడా "అర్థం కాలేదు" అంటాం కదా, ఇక్కడ సంగతి అది కాదు. రెండో యాప్ చెప్పింది సరైన అర్థమే అయినా నాకు మాత్రం మొదటిదాని తప్పే పట్టుకుంది. అసలు ఈ మాటలోకి ‘కొలవడం’ ఎక్కడి నుంచి వచ్చింది? అది తెలిస్తే తప్ప ఆ వాక్యం నాకు తెలుగులో రాదనిపించింది.

అందుకని యాప్‌లు పక్కనపెట్టి, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోగలిగే మూడు నిఘంటువులు తెరిచాను. మాటల పుట్టుక చెప్పే ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ (అందరూ ఎటిమాన్‌లైన్ అంటారు), మెరియమ్-వెబ్‌స్టర్, కేంబ్రిడ్జ్. మూడింట్లోనూ ఇదే మాట వెతికాను. ఏది ఎంతవరకు తీసుకెళ్లిందో చెబుతాను.

ముందు ఎటిమాన్‌లైన్ గురించి, ఎందుకంటే నా మనసంతా అదే దోచుకుంది. ఇది చాలావరకు డగ్లస్ హార్పర్ అనే ఒక్క మనిషి ఏళ్ల తరబడి కూర్చుని కట్టిన సైట్. తెరవగానే అది తన పని ఏమిటో తనే చెప్పేస్తుంది: ఇక్కడ ఉన్నవి నిర్వచనాలు కావు, ఒక మాట ఆరు వందల ఏళ్ల కిందటో రెండు వేల ఏళ్ల కిందటో ఎలా పలికేదో, ఏ అర్థంలో ఉండేదో చెప్పే వివరణలు అని. ఇంగ్లిష్ నడిచొచ్చిన బండి గాడులన్నీ గీసిన పటం లాంటిదన్నమాట. ఈ ముక్క గుర్తుపెట్టుకుని వాడితే దీనితో ఏ ఇబ్బందీ ఉండదు.

ఫ్యాదమ్ అని వెతికితే నామవాచకం, క్రియ రెండూ విడివిడిగా వస్తాయి. మీకు కావలసింది క్రియే అయినా ముందు నామవాచకం చదవండి, కథంతా అక్కడే మొదలవుతుంది. పాత ఇంగ్లిష్‌లో ‘ఫ్యాద్మ్’ అంటే చాచిన చేతులు, కౌగిలి. ఆ చేతుల చాపంత పొడవు కూడా. క్రియగా ‘ఫ్యాద్మియాన్’ అంటే కౌగిలించుకోవడం, చుట్టూ చేతులు వేసి పొదువుకోవడం. సముద్రం ఊసే లేదు! స్వీడిష్‌లో ‘ఫామ్న్’ అంటే ఇప్పటికీ కౌగిలే, ఐస్‌లాండిక్‌లో ‘ఫాద్మూర్’ కూడా అంతే. జర్మన్‌లో ‘ఫాడెన్’ అయి దారానికి పేరుగా మిగిలింది. ఇంకా వెనక్కి వెళితే ‘పరచుకోవడం, విచ్చుకోవడం’ అనే అర్థమున్న ఒక ధాతువు దగ్గర తేలుతుంది. పూరేకును చెప్పే ‘పెటల్’, విస్తరించడాన్ని చెప్పే ‘ఎక్స్‌పాండ్’ కూడా అక్కడి నుంచి వచ్చినవే. ఆ లింకు నొక్కితే ఈ చుట్టాలందరూ ఒకే పేజీలో కనిపిస్తారు. నాకు ఒక గంట అక్కడే గడిచిపోయింది.

చేతుల చాప దగ్గరికి రాగానే నాకు మన మాట గుర్తొచ్చింది, మీకూ ఈపాటికి వచ్చే ఉంటుంది. బార! రెండు చేతులూ పక్కలకి చాస్తే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా ఉండేది బార. బ్రౌన్ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువులో బార దగ్గర ఉన్న ఇంగ్లిష్ మాట ఇదే. "బారెడు పొద్దెక్కింది" అని రోజూ అనే మనకి ఫ్యాదమ్ ఎంతుంటుందో విడిగా చెప్పక్కర్లేదు, కాకపోతే ఇన్నేళ్లూ ఆ రెండూ ఒకటే అని ఎవరూ నాకు చెప్పలేదు. ఇంగ్లిష్-తెలుగు నిఘంటువుల్లో ఈ క్రియ ఎదురుగా "గ్రహించు" అని ఒక్క ముక్క రాసేబదులు "బార వేసి లోతు చూచు" అని ఇంకో ముక్క కూడా రాస్తే చదివినవాడు జన్మలో మర్చిపోడు.

సరే, కౌగిలి సముద్రంలోకి ఎలా దిగింది? తాడు వల్ల. పొడవాటి తాడుని కొలవాలంటే ఏ స్కేలూ అక్కర్లేదు, రెండు చేతుల మధ్య సాగదీసి పట్టుకుంటే ఒక బార, మళ్లీ జరిపి సాగదీస్తే రెండో బార. నీళ్లలోకి వదిలిన తాడుని పైకి లాగేటప్పుడూ అంతే. అందుకే నావికుల చేతుల్లో ఈ కొలత అంత గట్టిగా నిలబడిపోయి, తర్వాత సరిగ్గా ఆరడుగులుగా స్థిరపడింది. ఇవాళ్టి లెక్కలో 1.8288 మీటర్లు.

ఆ తాడు గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ క్రియకి అన్యాయం చేసినట్టే. లెడ్ లైన్ అంటారు దాన్ని. కొసన మూడు నుంచి ఆరు కిలోల దాకా ఉండే సీసపు గుండు. ఆ గుండు అడుగున చిన్న గుంట, అందులో కొవ్వు కూరతారు. గుండు నేలకి తగిలినప్పుడు అక్కడి ఇసుకో బురదో గవ్వ ముక్కలో ఆ కొవ్వుకి అంటుకుని పైకొస్తాయి. అంటే ఎంత లోతో తెలియడమే కాదు, కింద ఏముందో కూడా తెలుస్తుంది. తాడు మీద 2, 3, 5, 7, 10, 13, 15, 17, 20 బారల దగ్గర గుర్తులు కట్టేవాళ్లు. రెండు దగ్గర రెండు తోలు ముక్కలు, మూడు దగ్గర మూడు, ఐదు దగ్గర తెల్ల గుడ్డ, ఏడు దగ్గర ఎర్ర గుడ్డ, పది దగ్గర చిల్లు ఉన్న తోలు, ఇలా. గుడ్డల నేత కూడా వేరువేరు. ఎందుకంటే చీకట్లో రంగు కనపడదు, చేత్తో తడిమితే తెలియాలి. గుర్తు సరిగ్గా నీటి మట్టానికి వస్తే ‘బై ద మార్క్’ అని ఆ అంకె అరుస్తారు, గుర్తు లేని బార అయితే అంచనా వేసి ‘బై ద డీప్’ అని అరుస్తారు. అమెరికాలో మిసిసిపీ మీద ఆవిరి పడవల వాళ్లకి రెండు బారల నీళ్లు, అంటే పన్నెండు అడుగులు, ఉంటే పడవకి ప్రమాదం లేదు. ఆ కేక ‘మార్క్ ట్వైన్’. ఆ పడవల మీద పనిచేసిన శామ్యూల్ క్లెమెన్స్ తర్వాత తన కలం పేరుగా పెట్టుకున్నది దాన్నే.

తాడు మొత్తం వదిలినా గుండు నేలకి తగలకపోతే? అప్పుడు అరిచేది ‘నో బాటమ్’. ఈ కేక దగ్గర కాసేపు ఆగండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఎటిమాన్‌లైన్ ఇచ్చిన కాలక్రమం ఇది: నీటి లోతు చూడడం అనే అర్థంలో ఈ క్రియ 1600 ప్రాంతంలో కనిపిస్తుంది, ఆ వెనకే 1620లలో మనసుతో అడుగు దాకా వెళ్లడం, తరచి తెలుసుకోవడం అనే అర్థం వచ్చేసింది. ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో చూడండి. కౌగిలి నుంచి సముద్రానికి రావడానికి వందల ఏళ్లు పట్టింది, సముద్రం నుంచి మనసుకి రావడానికి ఒక తరం కూడా పట్టలేదు. ఒక విషయం గట్టిగా చెప్పాలి. ‘సముద్రం నుంచి వచ్చిన ఇంగ్లిష్ మాటలు’ అంటూ పెట్టే జాబితాల్లో ఈ క్రియని కళ్లు మూసుకుని చేర్చేస్తుంటారు. సగమే నిజం అది. మాట పుట్టింది నేల మీద, మనిషి చేతుల్లో. ‘అర్థం చేసుకోవడం’ అనే ఇవాళ్టి అర్థం మాత్రం ఓడ మీదే పుట్టింది. ఈ తేడా నాకు తేటగా చూపించింది ఎటిమాన్‌లైనే, అందుకే దానికి ఐదుకి ఐదు ఇస్తున్నాను.

కానీ ఒక్క దాన్నే నమ్ముకుంటే వాక్యం రాయలేరు. అది వాడకం చెప్పే పుస్తకం కాదు, ఆ పని చేస్తానని అది అననూ లేదు. అందుకే మిగతా రెండూ కావాలి.

మెరియమ్-వెబ్‌స్టర్‌లో నాకు నచ్చింది, ఈ క్రియకి సముద్రపు అర్థాన్నీ మనసు అర్థాన్నీ పక్కపక్కనే ఉంచడం. తాడు వేసి లోతు కొలవడం, తరచి గ్రహించడం, రెండూ ఉంటాయి. కర్మ లేకుండా ఊరికే ‘లోతు చూడడం’ అనే వాడుకని కూడా చూపిస్తుంది. పాత నౌకాయాన రచనలు చదివేవాళ్లకి ఇది తప్పకుండా కావాలి, లేకపోతే ఓడ కెప్టెన్ నీళ్లని ‘ఫ్యాదమ్’ చేశాడంటే ఆయనకేదో జ్ఞానోదయం అయిందనుకుంటాం.

ఉచ్చారణ కూడా అక్కడే వినండి. మనం చాలామంది కళ్లతో నేర్చుకున్న మాట ఇది, అందుకే ‘ఫాథమ్’ అని ‘థ’ పెట్టి పలుకుతాం. అది ‘ఫాదర్’లో ఉండే ‘ద’. మొదటి అక్షరంలో అచ్చు ‘ఫా’ కాదు, ‘ఫ్యా’. ఫ్యాదమ్. ‘ఫాంటమ్’తో దీనికి ఏ చుట్టరికమూ లేదు.

కేంబ్రిడ్జ్ దగ్గరికి వస్తే, పుట్టుక వివరాలు అందులో వెతకొద్దు, ఆరడుగుల కొలతకీ అర్థం చేసుకోవడానికీ మధ్య దారి అది చూపించదు. కానీ బతికున్న ఇంగ్లిష్‌లో ఈ క్రియ పక్కన ఏ మాటలు కూర్చుంటాయో తెలుసుకోవాలంటే ఇది చాలా మంచి చోటు. ముఖ్యంగా ‘ఫ్యాదమ్ అవుట్’ అని వెనక ‘అవుట్’ తగిలించే వాడుక. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో వింటాం. దాని రంగు కొంచెం వేరు, ఊరికే అర్థం కావడం కాదు, కూర్చుని చిక్కు విప్పుకున్నట్టు ఉంటుంది. అమెరికన్ పాఠకుల కోసం రాస్తుంటే ‘అవుట్’ లేకుండా వాడండి. మనిషినే కర్మగా పెట్టి "ఐ కాంట్ ఫ్యాదమ్ హిమ్" అనడం కూడా ఉంది, అంటే ఆ మనిషి ఏమిటో తెలియదు, లోతు చిక్కడు అని. మన దగ్గర కూడా "వాడి లోతు ఎవరికీ తెలియదు" అంటాం కదా, అచ్చం అదే.

ఇప్పుడు అసలు వాడకం. మెరియమ్-వెబ్‌స్టర్, కేంబ్రిడ్జ్ ఇచ్చిన ఉదాహరణలూ, నేను చదివిన కథల్లోంచి ఏరుకున్నవీ పక్కపక్కన పెట్టుకుంటే ఒకటి స్పష్టంగా కనపడింది. ఈ క్రియ చాలావరకు వ్యతిరేకంలోనే బతుకుతుంది. కాంట్ ఫ్యాదమ్, కుడంట్ ఫ్యాదమ్, హార్డ్ టు ఫ్యాదమ్, ఇంపాసిబుల్ టు ఫ్యాదమ్. ఇవి కాకపోతే ‘ట్రయింగ్ టు ఫ్యాదమ్’, అంటే ప్రయత్నం జరుగుతోంది, ఇంకా అందలేదు. "నిన్నటి పాఠం ఫ్యాదమ్ చేశాను" అన్నట్టు మామూలుగా అర్థమైనదానికి వాడితే వ్యాకరణం తప్పు పట్టలేం కానీ వినేవాళ్లకి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఎందుకిలా అని ఏ నిఘంటువూ నాకు చెప్పలేదు. నాకు తోచింది మాత్రం ఇది: ఇందాకటి ‘నో బాటమ్’ కేక. ఉన్న తాడంతా వదిలేశాను, గుండు ఇంకా వేలాడుతూనే ఉంది, కింద నేల ఉంటే ఉండొచ్చు కానీ నా తాడుకి అందలేదు. "ఐ కాంట్ ఫ్యాదమ్" అన్నప్పుడు మనిషి చెప్పేది ఇదే. నేను ప్రయత్నించలేదని కాదు, నా దగ్గరున్న తాడు సరిపోలేదు. ‘అండర్‌స్టాండ్’లో ఈ శ్రమ వినపడదు. అందుకే మామూలు విషయాలకి ఇది వాడితే పెద్ద గుండుని చెంబులో వేసినట్టుంటుంది.

ఇంకో గమ్మత్తు. తెలుగులో దీనికి సరిజోడు మాట ‘అంతుపట్టడం’. ఇదీ వ్యతిరేకంలోనే బతుకుతుంది! "అంతుపట్టలేదు", "అంతుచిక్కడం లేదు", "అంతుపట్టని వ్యవహారం" అంటాం కానీ "నాకు లెక్కలు బాగా అంతుపట్టాయి" అని ఎప్పుడైనా విన్నారా? అంతు అంటే చివర, కొస. పట్టడం అంటే చేతికి దొరకడం. కొస చేతికి దొరకలేదు. ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు భాషలు ఒకే అనుభవానికి ఒకే బొమ్మ గీసుకున్నాయి, రెండూ దాన్ని ‘లేదు’తోనే ఎక్కువగా వాడుకుంటున్నాయి. ఇది కనపడ్డ రోజు నాకు ఎంత సంతోషంగా అనిపించిందో చెప్పలేను. ఆ కథలో వాక్యం కూడా ఆ రోజే కుదిరింది: "అక్క ఎందుకు ఉండిపోయిందో నాకు అంతుపట్టదు." ‘పట్టడం లేదు’ అని కాక ‘పట్టదు’ అనే పెట్టాను, ఎందుకంటే ఆవిడకి ఇవాళే కాదు, ఎప్పటికీ పట్టదు.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది, తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి రాసేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. తెలుగులో అంతుపట్టేది విషయం, మనిషి ‘నాకు’ అని పక్కన నిలబడతాడు. ఇంగ్లిష్‌లో మనిషే కర్త, తాడు అతని చేతిలోనే ఉంది. కాబట్టి "ఇట్ ఈజ్ నాట్ ఫ్యాదమింగ్ టు మి" అని రాయకూడదు, నేను దిద్దిన ఒక వ్యాసంలో అచ్చంగా ఇలాగే ఉంది. ‘ఐ’తో మొదలుపెట్టాలి. దాని వెనక ‘వై’, ‘హౌ’, ‘వాట్’ లాంటి మాటతో మొదలయ్యే చిన్న వాక్యం రావచ్చు, లేదా ‘రీజన్’, ‘మిస్టరీ’, ‘మోటివ్’ లాంటి నామవాచకం రావచ్చు. ‘ఫ్యాదమ్ అబౌట్’ అని రాయకండి, ఆ ‘అబౌట్’ అక్కర్లేదు, మన ‘గురించి’ అక్కడికి దూరిపోతుంది. ఈమధ్య ‘ఊహించలేను’ అన్నట్టు కూడా ఎక్కువగా వాడుతున్నారు, ఇంత బాధ వాళ్లెలా భరించారో ఫ్యాదమ్ చేయలేను అన్నట్టు. అప్పుడు తెలుగులో ‘అంతుపట్టదు’ సరిపోదు, ‘ఊహకి అందదు’ అనాలి. సందర్భం చూసుకోవాలి.

విశేషణాలు పెద్దగా ఇబ్బంది పెట్టవు. ‘అన్‌ఫ్యాదమబుల్’ బాగా వాడుకలో ఉంది, ‘ఫ్యాదమ్‌లెస్’ కవిత్వంలో కనిపిస్తుంది, ‘ఫ్యాదమబుల్’ అరుదు. మన ‘అగాధం’ కూడా ఇలాంటిదే. ‘గాధం’ అంటే అడుగు దొరికే నీళ్లు, దానికి ముందు ‘అ’ చేరింది.

అడుగు దొరకడం అంటే ఎంత పనో తెలియాలంటే ఒక్క అంకె చాలు. బ్రిటన్‌కి చెందిన ఛాలెంజర్ అనే ఓడ 1875 మార్చి 23న పసిఫిక్‌లో మరియానా కందకం ప్రాంతంలో తాడు వదిలితే 4,475 బారల దగ్గర గుండు నేలకి తగిలింది. ఎనిమిది కిలోమీటర్లు దాటింది! అంత తాడు వదిలి, అంతా మళ్లీ పైకి లాగాలి. అక్కడే ఇంకా లోతైన చోటు దాదాపు పదకొండు కిలోమీటర్లుందని తర్వాత ధ్వని తరంగాలతో కొలిచి తెలుసుకున్నారు. ధ్వని పరికరాలు వచ్చాక చేతి తాడు మూలకి చేరింది, మీటర్లు వచ్చాక చాలా దేశాల సముద్ర పటాల్లోంచి ఫ్యాదమ్ కూడా తప్పుకుంది. కొలతగా ముసలిదైపోయినా క్రియగా మాత్రం పడుచుగానే ఉంది.

ఈ క్రియని చదివేటప్పుడు దాని అక్కచెల్లెళ్లనీ చూడండి, పుట్టుకలు వేరైనా మూడూ ఒకే తాడు దగ్గర కలిసిన మాటలు. ‘ప్లమ్’ అనేది లాటిన్‌లో సీసానికున్న పేరు నుంచి వచ్చింది, అంటే ఆ గుండు. ‘సౌండ్’ అనేది లోతు చూడడాన్ని చెప్పే ఫ్రెంచ్ మాట నుంచి వచ్చింది, శబ్దానికీ దానికీ ఏ సంబంధమూ లేదు, అక్షరాలు కలిశాయంతే. ఎటిమాన్‌లైన్‌లో ‘సౌండ్’ని నాలుగైదు వేరువేరు మాటలుగా విడదీసి ఇస్తారు, నాకు అది చూశాకే ‘సౌండింగ్’ అంటే చప్పుడు కాదని బుర్రకెక్కింది. వాడకంలో మూడింటి దారులూ వేరు. ‘సౌండ్ అవుట్’ అంటే ఎదుటివాడి మనసులో ఏముందో మెల్లగా ఆరా తీయడం, మన ‘కూపీ లాగడం’ కంటే మర్యాదైన పని. ‘ప్లమ్ ద డెప్త్స్’ అంటే దుఃఖమో దిగజారుడో, దేనిలోనైనా అట్టడుక్కి వెళ్లడం, చాలాసార్లు చెడ్డ సంగతికే. ఫ్యాదమ్ అర్థం చేసుకోవడానికి. గుండు పేరు దిగజారడానికీ చేతుల పేరు అర్థం చేసుకోవడానికీ రావడం నాకు చాలా అందంగా కనిపించింది. ఎవరూ పనిగట్టుకుని పంచిపెట్టింది కాదు, వాడుతూ వాడుతూ అలా స్థిరపడింది.

ఇక చేతుల సంగతి. పాత అర్థమైన కౌగిలి ఈ క్రియలోంచి ఎప్పుడో వెళ్లిపోయింది, ఇవాళ ఎవరినైనా ‘ఫ్యాదమ్’ చేశానంటే కౌగిలించుకున్నాననే అర్థం రాదు. అందుకే పుట్టుకనే అర్థం అనుకుని వాడేయకూడదు. పుట్టుక తెలిస్తే మాట బరువు తెలుస్తుంది, వాడుక తెలిస్తే దాన్ని పెట్టాల్సిన చోటు తెలుస్తుంది. ఈ పని చేసేటప్పుడు రెండు సైట్లు తెరిచే ఉంచుకుంటున్నాను, ఎటిమాన్‌లైన్ ఒక పక్క, కేంబ్రిడ్జ్ ఒక పక్క. ఉచ్చారణకీ, పాత పుస్తకాలకీ మెరియమ్-వెబ్‌స్టర్. మార్కులు అడిగితే ఈ ఒక్క క్రియ వరకు కేంబ్రిడ్జ్‌కి నాలుగు, మెరియమ్-వెబ్‌స్టర్‌కి నాలుగు ఇస్తాను, ఎటిమాన్‌లైన్‌కి ఇందాకే ఇచ్చేశాను. ఒక్క వాక్యాన్ని గబగబా తెలుగు చేసిపెట్టే అనువాద యాప్‌లకి ఇలాంటి మాటలు అప్పజెప్పకండి, అవి రెండు అర్థాల్లో ఏదో ఒకటి తీసిచ్చేస్తాయి, వాటి మధ్య ఉన్న దారి మీకు ఎప్పటికీ కనపడదు.

నా కోరిక ఒకటుంది. మన ‘అవగాహన’కి కూడా ఇలాంటి పేజీ ఒకటి తెలుగులో ఉండాలి. అవగాహనం అంటే సంస్కృతంలో నీళ్లలోకి దిగి మునగడం. అర్థం చేసుకోవడం అనే అర్థంలో రోజూ ఎన్నిసార్లు వాడతామో, ఆ మాట ఒళ్లంతా తడిగా ఉందని మనలో ఎంతమందికి తెలుసు? ఇంగ్లిష్‌వాళ్లు పడవ అంచున నిలబడి తాడు వేశారు, మన మాట నేరుగా నీళ్లలోకి దూకింది. ఇలాంటి మాటలకి పుట్టిన చోటు, అర్థం మారిన దారి, కాలం, చుట్టరికాలు, అన్నీ ఒకే చోట, ఒక్క క్లిక్‌లో దొరికే సైట్ ఎవరైనా మొదలుపెడితే నా వంతు పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను.

తర్వాత చూడబోయే క్రియ ‘ఫౌండర్’. అదీ నీళ్లలో మునిగేదే, లాటిన్‌లో ‘అడుగు’ అనే మాట దాని మూలం. దాన్ని ‘ఫ్లౌండర్’తో కలిపేసి రాయడం పత్రికల్లో కూడా చూస్తున్నాను. అది వీటిలో ఏ నిఘంటువు బాగా విడదీసి చూపిస్తుందో చూసి మళ్లీ రాస్తాను.